ఎవరికి మంచి ఏరియా?

హైదరాబాద్‌లో స్థిరపడిన తెలుగు మధ్యతరగతికి ఇవాళ ఒకటే కల, మంచి ఏరియాలో ఇల్లు. నిన్నటి తరానికి అది బంజారాహిల్స్, జూబ్లీహిల్స్. ఈ తరానికి వాటికి తోడు గచ్చిబౌలి, నార్సింగి, కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. అక్కడ ఓ ఫ్లాటు కొంటే ఒడ్డున పడ్డట్టేనని అందరి నమ్మకం. పెట్టుబడి పెరుగుతుంది, పిల్లలకు మంచి స్నేహాలు దొరుకుతాయి, ఆడవాళ్లకు భద్రత ఉంటుంది, పెద్దవాళ్లకు ప్రశాంతంగా ఉంటుంది అంటారు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి జీతం తరువాత వచ్చే ప్రశ్న ఫ్లాటు ఎక్కడనే. దిల్‌సుఖ్‌నగర్ అంటే అవతలివాళ్ల ముఖం ఒకలా ఉంటుంది, కోకాపేట అంటే మరోలా వెలుగుతుంది. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు ఇంకా పునాది తవ్వని టవర్‌లో ఇరవయ్యో అంతస్తును వీడియో చూసి బుక్ చేసుకుంటున్నారు.

ఈ నమ్మకం మూలంలోనే తప్పని నా వాదన. ఒక పేట మంచిచెడ్డలను అక్కడి చదరపు అడుగు ధర తేల్చలేదు. జేబులో డబ్బు లేకుండా, బండి ఎక్కకుండా గడప దాటిన మనిషికి ఆ పేట ఏమిస్తుందో అడగాలి. అలా అడిగితే మన ఖరీదైన పేటల్లో చాలావాటికి చెప్పుకోదగ్గ జవాబు లేదు. నీళ్లు, నడకదారి, ఆటస్థలం, కాపలా వంటి వాటిని నగరం అందరికీ ఇవ్వాలి. వాటిని గేటు లోపల విడిగా కొనుక్కునే ఏర్పాటునే అక్కడ అమ్ముతున్నారు. అలా కొనుక్కోగలిగినవాళ్లు పెరిగేకొద్దీ గేటు బయటి నగరం కోసం పోట్లాడేవాళ్లు తగ్గిపోతున్నారు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. ఈ మోజుకు పెద్ద దన్ను అదే. 2021 జూలైలో కోకాపేటలో ప్రభుత్వ భూమి వేలం వేస్తే ఎకరా గరిష్ఠంగా 60 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో అక్కడే నియోపొలిస్ రెండో విడత వేలంలో ఎకరా గరిష్ఠ ధర 100 కోట్లు దాటింది. దాదాపు 45 ఎకరాల మీద నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకు 3,300 కోట్లకు పైగా వచ్చాయి. ఆ అంకెలు చూసి, ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేమన్న భయం ఇంటింటా చేరింది.

ఎకరా అంటే 4,840 గజాలు. ఎకరా వంద కోట్లయితే గజం రెండు లక్షల పైమాటే. ఆ ధర రాబట్టాలంటే బిల్డరు ఆకాశంలోకి వెళ్లాల్సిందే. 2006లో వచ్చిన జీవో 86తో హైదరాబాద్‌లో స్థలాన్ని బట్టి ఎంత నిర్మాణం చేయొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ వంటి నిబంధనలకు లోబడితే ఎంత ఎత్తయినా కట్టొచ్చు. ఎకరాకు నూటయాభై ఫ్లాట్లు లేపారనుకుంటే ఒక్కో ఫ్లాటుకు భూమిలో వచ్చే వాటా 32 గజాలు. అదే నల్లకుంటలో వెయ్యి గజాల్లో ఇరవై ఫ్లాట్లున్న పాత అపార్ట్‌మెంట్‌లో ఆ వాటా 50 గజాలు. భవనం ఏటేటా పాతబడుతుంది, విలువ పెరిగేది నేలకే. రెండు కోట్లు పోసి పిడికెడు నేల, జీవితకాలపు మెయింటెనెన్స్ బిల్లు కొనడాన్ని పెట్టుబడి అనగలమా? లిఫ్టులు, జనరేటర్లు, పంపులు, ఈతకొలను, అగ్నిమాపక వ్యవస్థ ఉన్న యాభై అంతస్తుల టవర్‌కు ముప్పై ఏళ్ల తరువాత మరమ్మతుల ఖర్చు ఎవరు, ఎలా పంచుకుంటారో బ్రోచర్‌లో రాయరు.

ఇక అప్పు. కోటిన్నర రుణం, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అయితే నెలకు కట్టాల్సింది లక్షా ముప్పై వేలు. గడువు ముగిసేసరికి బ్యాంకుకు చేరేది మూడు కోట్ల పన్నెండు లక్షలు. అలాంటి ఫ్లాటును అద్దెకిస్తే సాధారణంగా ఏడాదికి దాని ధరలో మూడు శాతం అటూఇటూగా వస్తుంది. అంటే యాభై, అరవై వేల అద్దెకు దొరికే గోడల కోసం దానికి రెట్టింపు పైగా నెలనెలా కడుతున్నాం. 2022 చివర్లో ఐటీ కంపెనీలు ఉద్యోగాలు కోయడం మొదలుపెట్టినప్పుడు ఈ లెక్క ఎంత ప్రమాదకరమో చాలా ఇళ్లలో తెలిసొచ్చింది. భార్యాభర్తలిద్దరి జీతమూ ఈఎంఐకి తాకట్టయ్యాక ఉద్యోగంలో అన్యాయం జరిగినా నోరెత్తలేరు. అమ్మకు ఆపరేషన్ అయితే నెల రోజులు సెలవు పెట్టి ఊళ్లో ఉండలేరు. నచ్చని పని మానేసి కొత్తది నేర్చుకోలేరు. స్వేచ్ఛ కోసమని కొన్న ఇల్లే కాళ్లకు బంధమవుతుంది.

ధర చెల్లించాక దక్కేదేమిటో నీళ్లతో మొదలుపెట్టి చూద్దాం. 1908లో మూసీ ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక ఈ నగరం ఒక పాఠం నేర్చుకుంది. విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వరద నుంచి నగరమంతటికీ రక్షణ, నగరమంతటికీ తాగునీరు. ఎవరి ఇంటి ధర ఎంతని ఆ ఆనకట్టలు అడగలేదు. ఆ జలాశయాలను కాపాడడానికి 1996లో జీవో 111 తెచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరో జీవో వచ్చింది. పడమటి హైదరాబాద్ భూముల ఆకలి చివరికి నగరపు నీటి గిన్నె దాకా చేరింది. ఇప్పుడు గండిపేట చెరువుగా పిలిచే ఆ ఉస్మాన్‌సాగర్ కనిపించే బాల్కనీకి అదనపు ధర వసూలు చేస్తున్నారు. అదే బాల్కనీ వెనక వంటింట్లోకి మాత్రం వేసవి వస్తే ట్యాంకర్ నీళ్లు దిక్కు. 2024 వేసవిలో ఐటీ కారిడార్‌లో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం రోజుల తరబడి కాచుకున్న సంగతి ఎవరూ మరిచిపోలేదు. రాతినేల మీద వందల ఇళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, కుంటలు పూడ్చి, మిగిలిన నేలను కాంక్రీటుతో కప్పితే బోరులోకి నీరు ఎక్కణ్ణుంచి వస్తుంది? కృష్ణా నీళ్లను నూరు కిలోమీటర్లకు పైగా, గోదావరి నీళ్లను అంతకంటే దూరం నుంచి ఎత్తిపోస్తే తప్ప ఈ నగరం గొంతు తడవదు. ఆ పంపుల ఖర్చు మల్కాజ్‌గిరిలో ఒంటిగది ఇంటివాడి మీదా పడుతోంది.

ఖరీదైన పేటలో కాగితాలు పక్కాగా ఉంటాయన్న ధీమా కూడా గట్టిది కాదు. ఐటీ కారిడార్‌లోని దుర్గం చెరువు ఒకనాడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చింది. 2020లో దాని మీద తీగల వంతెన వేశాక దాని చుట్టుపక్కల మోజు ఇంకా పెరిగింది. 2024లో ఆ చెరువు పూర్తి నీటిమట్టపు హద్దు (ఎఫ్‌టీఎల్) లోపల ఉన్నాయంటూ ఖరీదైన కాలనీల ఇళ్లకే అధికారులు నోటీసులు అంటించారు. చెరువుకు ఎదురొడ్డి కట్టిన ఇంటికి ఏరియా పేరు కాపలా కాయలేదు.

గేటు దాటి వీధిలోకి వద్దాం. ఈ పేటల్లో నడిచి వెళ్లగల చోటు ఏముంది? ఫుట్‌పాత్ కొంతదూరం ఉండి మాయమవుతుంది. ఆరు వరుసల రోడ్డు దాటడానికి ముసలివాళ్లకు ధైర్యం చాలదు. పాల ప్యాకెట్టూ కొత్తిమీర కట్టా యాప్‌లోనే రావాలి. మెట్రో 2019లో రాయదుర్గం దాకా వచ్చి ఆగింది, ఆ పైన ఉన్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు కారో క్యాబో దిక్కు. అందుకే ఇంటికి రెండు కార్లు, ఆ కార్లన్నీ ఒకే వేళకు రోడ్డెక్కితే గంటల తరబడి జామ్. ఇంత డబ్బు పెట్టిన మనిషి రోజూ రెండు గంటలు స్టీరింగ్ ముందు గడుపుతూ దాన్ని గొప్ప జీవితమని నమ్మాల్సి వస్తోంది.

ఈ జీవితంలో అందరికంటే ఎక్కువ నష్టపోయేది పిల్లలూ ముసలివాళ్లూ. నెల్లూరు నుంచో కరీంనగర్ నుంచో తెచ్చుకున్న అమ్మానాన్నలు ఇరవై మూడో అంతస్తులో టీవీ ముందు కూర్చుంటారు. ఊళ్లో పొద్దున్నే నలుగురితో మాట్లాడి, అంగడికి వెళ్లి, గుడి మెట్ల మీద కూర్చుని వచ్చే మనిషికి ఇక్కడ లిఫ్టు దిగి ఎక్కడికి వెళ్లాలో తెలియదు. పదేళ్ల పిల్లకు స్నేహితురాలి ఇంటికి వెళ్లాలంటే అమ్మ కారు తీయాలి. తనంతట తాను వీధి దాటి, దుకాణంలో చిల్లర లెక్కపెట్టి, తప్పిపోయి మళ్లీ దారి తెలుసుకునే అనుభవమే ఆ పిల్లకు లేకుండా పోతోంది. క్లబ్‌హౌస్‌లో బ్యాడ్మింటన్ కోర్టు ఈ లోటు తీర్చదు.

ఈ సౌఖ్యాన్ని నిలబెట్టే చేతులు ఎవరివో కూడా చూడాలి. పాలమూరు, శ్రీకాకుళం కూలీలూ ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన వలస కార్మికులూ ఈ టవర్లు కట్టారు. కట్టినంతకాలం రేకుల షెడ్లలో ఉండి, పూర్తయ్యాక ఇంకో సైటుకు తరలిపోయారు. వంట చేసే, అంట్లు తోమే ఆడవాళ్లు ఎక్కడెక్కడి బస్తీల నుంచో షేర్ ఆటోల్లో వస్తారు. చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో వాళ్లకు వేరే లిఫ్టు, వెళ్లేటప్పుడు సంచీ తనిఖీ. ఇంట్లో పసిబిడ్డను ఎవరి చేతుల్లో పెట్టి ఆఫీసుకు వెళతామో ఆ మనిషితో కలిసి లిఫ్టులో నిలబడడానికి అభ్యంతరం. దీన్ని భద్రత అనడం అన్యాయం. గ్రామాల్లో దళితులకు విడిగా గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి తప్పని చదివి పెరిగిన తరం నగరంలో రెండు లిఫ్టుల పద్ధతిని డబ్బిచ్చి మరీ కొనుక్కుంటోంది.

ఎదుటివైపు వాదనల్లో బలమైనవి ఉన్నాయి, వాటికి సూటిగా జవాబు చెప్పాలి. మొదటిది, ఆఫీసు దగ్గర. పని దగ్గర ఉండాలనుకోవడంలో తప్పు లేదు. దానికి అద్దె ఇల్లు చాలు. ఇవాళ నానక్‌రామ్‌గూడలో ఉన్న ఉద్యోగం మూడేళ్లకు బెంగళూరుకో పుణెకో మారొచ్చు. ఇరవై ఏళ్ల అప్పుతో పాతుకుపోవడానికి ఆఫీసు దూరం ఆధారం కాలేదు.

రెండోది, ఆడవాళ్ల భద్రత. ఇది తోసిపుచ్చలేని భయం. గేటు లోపల కెమెరాలుంటాయి, నిజమే. అయితే ఉద్యోగం చేసే ఆడమనిషి రోజులో ఎక్కువభాగం గేటు బయటే ఉంటుంది. రాత్రి తొమ్మిదికి క్యాబ్ దిగి ఇంటికి నడిచేటప్పుడు ఆమెకు ధైర్యం ఇచ్చేవి తెరిచి ఉన్న మందుల షాపు, ఇస్త్రీ బండి, టిఫిన్ సెంటర్, ఇంటి ముందు కుర్చీ వేసుకున్న పక్కింటివాళ్లు. చిక్కడపల్లిలో, విద్యానగర్‌లో ఆ వెలుతురు ఇంకా ఉంది. అర కిలోమీటరు పొడవున ప్రహరీ గోడ తప్ప మరేమీ లేని రోడ్డు మీద అది దొరకదు. 2014లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల రక్షణ కోసం మొదలైన షీ టీమ్స్ కూడా ప్రజల సొమ్ముతో నడిచే పోలీసు వ్యవస్థే. బస్టాపులో నిలబడిన ఆడపిల్లకు కావాల్సింది అలాంటి రక్షణ.

మూడో వాదన అన్నిటికంటే బరువైనది. పాత పేటలు ఏమంత పవిత్రమైనవని అడిగేవాళ్లున్నారు. అద్దెకు ఇల్లడిగితే ముందు కులం అడిగిన వీధులవి. శాకాహారులకే అన్న షరతు వెనక ఎవరిని రానివ్వకూడదనుకున్నారో అందరికీ తెలుసు. దళిత కుటుంబాలు, ముస్లిం కుటుంబాలు ఎన్ని గడపలెక్కి దిగాయో లెక్కలేదు. అలాంటి కుటుంబం తన కష్టార్జితంతో పెద్ద టవర్‌లో ఫ్లాటు కొని, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా తన ఇంటి తాళం తీసిన రోజు పడే సంతోషాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నేను తప్పుపట్టేది అవమానం నుంచి విడుదలకు రెండు కోట్ల రుసుము పెట్టిన ఏర్పాటును. ఆ డబ్బులేని కుటుంబం ఇవాళ్టికీ గడపలెక్కి దిగుతూనే ఉంది. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కులం, మతం అడగడాన్ని చట్టంతో, సామాజిక ఒత్తిడితో ఆపడమే అందరికీ పనికొచ్చే మార్గం. పైగా కొత్త టవర్లలోనూ వడపోత ఆగలేదు. బ్యాచిలర్లకు ఇవ్వం, ఫలానావాళ్లకు ఇవ్వం అన్న మాటలు అక్కడి వాట్సాప్ గ్రూపుల్లోనూ నడుస్తున్నాయి.

నాలుగోది, పిల్లల భవిష్యత్తు. మంచి ఏరియాలో పెరిగితే మంచి పరిచయాలు వస్తాయని తల్లిదండ్రుల ఆశ. ఒకే స్థాయి జీతాల ఇళ్లు, లక్షల ఫీజుల బళ్లు, ఒకే రకం సెలవుల కబుర్లు తప్ప ఇంకేదీ చూడకుండా పద్దెనిమిదేళ్లు పెరిగిన పిల్లకు ఈ దేశం ఎలా అర్థమవుతుంది? రేపు ఆ పిల్ల డాక్టరయినా, కలెక్టరయినా, ఇంజనీరయినా పనిచేయాల్సింది గేటు బయటివాళ్ల మధ్యే. వాళ్ల భాష, వాళ్ల కష్టం, వాళ్ల హాస్యం తెలియని చదువు సగం చదువే.

నిజానికి ఖరీదైన పేటల్లో ఏవైనా విలువైనవి ఉంటే అవి మార్కెట్ ఇచ్చినవి కావు. జూబ్లీహిల్స్‌కు ప్రాణం పోస్తున్నది అక్కడి బంగళాలు కావు, వాటి మధ్య ఉన్న కేబీఆర్ జాతీయ ఉద్యానవనం. 1998లో ప్రభుత్వం జాతీయ ఉద్యానవనంగా ప్రకటించబట్టి దాదాపు నాలుగు వందల ఎకరాల అడవి మిగిలింది. వేలానికి పెట్టి ఉంటే అక్కడ ఇవాళ ఒక్క నెమలి అరుపు వినిపించేది కాదు. కార్ల రద్దీకి ఫ్లైఓవర్లు కావాలంటూ 2016లో ఆ పార్కు చుట్టూ చెట్లు కొట్టే ప్రతిపాదన వస్తే జనం వీధికెక్కి అడ్డుకోవాల్సి వచ్చింది. ఇంటికి రెండు కార్ల జీవన విధానం తన ఊపిరితిత్తులనే కోసుకుంటుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పడమటి టవర్ల నుంచి చులకనగా చూసే పాత హైదరాబాద్‌లో ఏమున్నాయో గుర్తు చేసుకుందాం. సుల్తాన్‌బజార్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, అక్కడ పొద్దుటి నుంచి చదువుకునే వేలాది నిరుద్యోగ యువత. పక్కనే త్యాగరాయ గానసభ. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. 1999లో మొదలైన రైతు బజార్లు. వీటిలో ఎక్కడికి వెళ్లడానికైనా మీ ఇంటి ధర ఎవరూ అడగరు. బస్సు టికెట్టు డబ్బులతో ఒక బీద విద్యార్థి ఈ రాజ్యమంతా చుట్టి రావచ్చు. ఏ టవర్‌లోనూ ఇంత సంపద లేదు. ఎకరా వంద కోట్లు పలికిన చోట ఒక్క పెద్ద ప్రజా గ్రంథాలయమైనా కట్టాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం మన విలువల దివాలా. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెతకు ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ఇందులో ప్రభుత్వాల పాత్ర మీద కోపం రాకపోతే మనం పౌరులం కాము. ఏ పార్టీ అధికారంలో ఉన్నా భూమి వేలం ఖజానాకు అలవాటైపోయింది. వేలంపాట నడిపే ప్రభుత్వం ధరలు తగ్గాలని ఎందుకు కోరుకుంటుంది? 2025లో కంచ గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. ఆ పిల్లల్లో చాలామందికి ఆ ప్రాంతంలో ఒక్క చదరపు అడుగు కొనే స్తోమత లేదు. పేటను నిజంగా ప్రేమించినవాళ్లు వాళ్లే.

ఇల్లు కొనబోయే ప్రతి కుటుంబానికీ నా విన్నపం ఇది. చదరపు అడుగు ధర అడిగేముందు ఈ నాలుగూ అడగండి. మా నాన్న ఒక్కడే నడిచి బస్టాపుకు వెళ్లగలడా? మా పదేళ్ల పిల్ల ఒంటరిగా దుకాణానికి వెళ్లి రాగలదా? మా ఇంట్లో వంటచేసే ఆవిడ నడక దూరంలో ఇల్లు అద్దెకు తీసుకోగలదా? మే నెలలో నల్లా నీళ్లు వస్తాయా? ఈ నాలుగింటికీ అవునని జవాబొచ్చే చోటు బోడుప్పల్ అయినా సరే, అది మంచి పేట. కాదని వచ్చే చోటు కోకాపేట అయినా సరే, అక్కడ ఇరవై ఏళ్ల జీతం తగలేయకండి.

ఇప్పటికే అక్కడ కొన్నవాళ్లతోనూ ఒక మాట. మీ చేతిలో డబ్బు, చదువు, అధికారుల దగ్గర పలుకుబడి ఉన్నాయి. అసోసియేషన్ మీటింగులో పార్కింగ్ గొడవల మీద ఖర్చుపెట్టే శక్తిలో సగం గేటు బయట ఫుట్‌పాత్ కోసం, బస్సు కోసం, ప్రభుత్వ బడి కోసం ఖర్చు పెట్టండి. పనివాళ్లు సర్వీస్ లిఫ్టే వాడాలన్న నిబంధనను వచ్చే మీటింగులోనే ఎత్తేయండి. చెరువు గట్టు మీద కొత్త టవర్‌కు అనుమతి ఇస్తే మీరే ముందు అభ్యంతరం రాయండి. ట్యాక్సు కట్టాం, మాకు సంబంధం లేదనే మాట మానేయండి. నగరం పాడైతే గోడల ఎత్తు చూసి ఏ వరదా ఆగదు, ఏ కరువూ వెనక్కి తిరిగిపోదు. గోడల లోపల విడిగా బాగుపడే దారి లేదు కాబట్టి నగరమంతటి బాగు కోసం మీరూ మాతో పాటు పోరాడాలి.